గుండె గుమ్మం ఎంత తెరుచుకుంది?

అనంతపురం వైపు బోరు వేసిన రైతును 'నీళ్లెన్ని లీటర్లు?' అని ఎవరూ అడగరు. 'ఎన్నించులు పడినాయి?' అంటారు. పైకొచ్చిన నీటిని చిన్న కాలవలోకి మళ్లించి, గాడి కోసిన రేకును అడ్డంపెట్టి, ఆ గాడిలో నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో చూసి ఒకటిన్నర అనో, రెండు అనో తేలుస్తారు. ఏ మోటారు దించాలి, చీనీ చెట్లు నిలబడతాయా, డ్రిప్పు ఎంత దూరం పోతుంది... అన్నీ ఆ అంకెను బట్టే. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడ్డ నేల మరి. ఇక్కడ అరించు తేడా అంటే, ఒక కుటుంబం ఊళ్లో ఉండిపోవడానికీ బెంగళూరు బస్సెక్కడానికీ మధ్య ఉన్నంత తేడా!

గుండెకూ ఇలాంటి కొలతే ఒకటుంది. ఇంచుల్లో కాదు, చదరపు సెంటీమీటర్లలో. ఎకో గదిలో డాక్టరు చీకట్లో కూర్చుని, తెర మీద వెలిగే బూడిదరంగు బొమ్మలో వెతికే అంకె అదే. గుండె లోపలి కవాటం ఎంత తెరుచుకుంటోంది? నాలుగా? రెండా? ఒకటి కూడా లేదా?

'రక్తం తక్కువలే!'

ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఏ ఒక్కరి కథో కాదిది. ఈ జబ్బుతో ఆసుపత్రికి వచ్చే చాలామంది ఆడవాళ్ల కథ ఇంచుమించు ఇదే వరసలో నడుస్తుంది.

పాతికేళ్లుంటాయి. రెండో కాన్పు, ఆరో నెల. మొదటి కాన్పులో పెద్దగా ఇబ్బంది పడలేదు. ఈసారి మాత్రం కుళాయి దగ్గర్నుంచి బిందె మోసుకొచ్చేలోపు రెండుసార్లు కింద దించుతోంది. 'ఎగపోస్తాంది అత్తా' అంటే, 'కడుపుతో ఉండే మనిషికి ఆమాత్రం ఉండదా? మేము కనలేదా మే?' అంటుంది అత్త. ఏఎన్‌ఎం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తక్కువే వస్తుంది. ఐరన్ మాత్రలు ఇస్తారు. అదీ నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రాత్రిపూట పడుకుంటే దగ్గు. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే కాస్త నయం. దగ్గు మందు సీసా ఒకటి వస్తుంది ఇంట్లోకి. ఒకరు ఉబ్బసం అంటారు, ఇంకొకరు నెమ్ము అంటారు. ఒకరోజు కఫంలో ఎర్రటి చార కనిపిస్తే టీబీ అనుకుని హడలిపోతారు.

ఇన్ని పేర్లు పెట్టాక గానీ అసలు పేరు బయటకు రాదు... మైట్రల్ స్టెనోసిస్. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యన ఉండే రెండు రెక్కల కవాటం బిగుసుకుపోవడం.

ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ముందు పై గదిలోకి వస్తుంది. అక్కణ్నుంచి ఈ కవాటం దాటి కింది గదిలోకి, అక్కణ్నుంచి ఒళ్లంతటికీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మైట్రల్ కవాటం నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. అది ముడుచుకుపోతే రక్తం పై గదిలోనే నిలిచి, వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆయాసం అందుకే. మామూలు రోజుల్లో సర్దుకుపోయిన గుండె గర్భంతో ఉన్నప్పుడు బయటపడిపోతుంది. ఆ నెలల్లో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. అంటే ఇరుకు గుమ్మంలోంచి ఎక్కువ జనం, తక్కువ సమయంలో దాటాలన్నమాట. రక్తహీనత తోడైతే గుండె మరింత పరుగెత్తాలి. కాబట్టి 'రక్తం తక్కువ' అన్నమాట అబద్ధం కాదు. అక్కడితో ఆగిపోవడమే ప్రమాదం.

గొంతు నొప్పితో మొదలు

ఇంతకీ పాతికేళ్లకే కవాటం ఎందుకు బిగుసుకుంది? జవాబు పదేళ్లో పదిహేనేళ్లో వెనక్కి వెళ్లి, బడికెళ్లే వయసులో దొరుకుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వస్తుంటుంది. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం రెండు మూడు వారాల తర్వాత జ్వరం తిరగబెడుతుంది. మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ, తర్వాత మోచెయ్యి. ఇదే రుమాటిక్ జ్వరం. బ్యాక్టీరియా మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక సైన్యం పొరబడి సొంత ఒంటి మీదే పడుతుంది. కీళ్ల వాపు మచ్చ కూడా లేకుండా పోతుంది. గుండె కవాటం మీద పడిన దెబ్బ మాత్రం మిగిలిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రెక్కలు మందమెక్కుతాయి, అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటిని పట్టి ఉంచే దారాలు కుచించుకుపోతాయి.

ఇరుకిళ్లు, ఒకే గదిలో అయిదారుగురు పడుకోవడం, గొంతు నొప్పికి డాక్టరు దాకా వెళ్లలేకపోవడం... ఈ జబ్బుకు ఇవే ఎరువు. సంపన్న దేశాల్లో దాదాపు కనుమరుగైన జబ్బు మన పల్లెల్ని ఇంకా వదలకపోవడానికి కారణం వేరే వెతకక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సభ 2018లో దీనిమీద ప్రత్యేకంగా ఓ తీర్మానం చేసిందంటేనే తెలుస్తోంది, పాత జబ్బు పోలేదని.

ఓడల రేవులోంచి వచ్చిన యంత్రం

ఎకో పుట్టుకే ఈ కవాటం కోసం! ఈ సంగతి చాలామందికి తెలియదు. 1950ల మొదట్లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు ఉండేవాడు. బిగుసుకున్న మైట్రల్ కవాటాన్ని సర్జన్లు తెరవడం అప్పుడప్పుడే మొదలైంది. అయితే ఎవరికి తెరవాలి? కవాటం బిగిసినవాళ్లెవరు, కారుతున్నవాళ్లెవరు? ఛాతీ మీద గాటు పడకముందే కచ్చితంగా తేల్చి చెప్పే సాధనం లేదు. స్టెతస్కోప్ చెవికి అందిన గురగురే చాలావరకు దిక్కు. తప్పు మనిషికి ఆపరేషన్ చేస్తే ప్రాణం మీదికే వస్తుంది.

ఎడ్లర్ తన గోడు కార్ల్ హెల్‌ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తతో చెప్పుకున్నాడు. ఓడల తయారీలో ఇనుప రేకుల్లో పగుళ్లు పట్టుకోవడానికి అతిధ్వని తరంగాలు పంపే యంత్రం వాడతారని హెర్ట్జ్‌కు తెలుసు. మాల్మో రేవులో దాన్ని చూశాడు. తర్వాత సీమెన్స్ కంపెనీ దగ్గర ఒకటి అరువు తెచ్చారు. 1953 అక్టోబరు 29న ఆ యంత్రంతో కదులుతున్న గుండె ప్రతిధ్వనిని మొదటిసారి నమోదు చేశారు. ఇనుములో పగులు వెతికే యంత్రం మనిషి గుండెలో గుమ్మం వెతికిందన్నమాట. ఇద్దరికీ 1977లో లాస్కర్ పురస్కారం వచ్చింది.

కదలిక కనిపించింది సరే, బిగువును కొలిచేదెలా? ఆ పని డాప్లర్‌తో తీరింది. మనవైపు వస్తున్న రైలు కూత ఒకలా, దాటి వెళుతున్నప్పుడు మరోలా వినిపిస్తుంది కదా, ఆ సూత్రమే. పరుగెత్తే రక్తకణాల్ని తాకి వెనక్కొచ్చిన ధ్వనిలో తేడాను బట్టి రక్తం వేగం తెలిసిపోతుంది. నార్వేకి చెందిన లివ్ హట్లె అనే వైద్యురాలు 1970ల చివర్లో ఈ పద్ధతిని కవాటాల కొలతకు పక్కాగా అమర్చిపెట్టింది. అంతకుముందు ఆ లెక్క కావాలంటే తొడ దగ్గర్నుంచో చేతి దగ్గర్నుంచో సన్నటి గొట్టం గుండెలోకి పంపాల్సిందే.

చేప నోరు, సగం సమయం

మన ఇల్లాలిని ఎకో బల్ల మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. ఎడమ చెయ్యి తల కింద. ఛాతీకి మూడు చోట్ల తీగలు. చల్లటి జెల్లీ రాసి ప్రోబ్ ఆనిస్తారు. నొప్పి లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. కడుపులో బిడ్డకు ఏమీ కాదు. 'ఊపిరి వదిలి ఆపమ్మా' అనడం తప్ప పెద్దగా మాటలుండవు. అరగంట పని.

కవాటాన్ని నిలువుగా చూస్తే ముందు రెక్క మధ్యలో ఉబ్బి, కొసన బిగిసి, హాకీ కర్రలా వంగి కనిపిస్తుంది. అడ్డంగా కోసినట్టు చూస్తే తెరుచుకున్న నోరు చేప నోరులా సన్నగా ఉంటుంది. ఆ నోటి అంచు వెంబడి తెర మీద గీత గీస్తే, లోపలి వైశాల్యం ఎంతో యంత్రమే చెబుతుంది. ఇది మొదటి కొలత.

రెండోది కాలంతో కొలవడం. రెండు తొట్లు, మధ్యన ఓ కన్నం అనుకోండి. కన్నం పెద్దదైతే పై తొట్టి ఒత్తిడి చిటికెలో పడిపోతుంది. చిన్నదైతే నింపాదిగా పడుతుంది. గుండెలోనూ అంతే. పై గదికీ కింది గదికీ ఉన్న ఒత్తిడి తేడా సగానికి పడడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూసి, 220ని ఆ అంకెతో భాగిస్తారు. 110 మిల్లీసెకన్లయితే కవాటం రెండు చదరపు సెంటీమీటర్లు. 220 పట్టిందా... ఒకటే!

మూడోది ఒత్తిడి తేడా. పైపు మూతి మీద బొటనవేలు నొక్కితే నీళ్లు ఎంత దూరం చిమ్ముతాయో తోటకు నీళ్లు పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. వేగాన్ని వేగంతో హెచ్చించి, నాలుగింతలు చేస్తే ఒత్తిడి తేడా వస్తుంది. బృహద్ధమని దగ్గరి కవాటం బిగిసినవాళ్లలో రక్తం సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో దూసుకొస్తే తేడా 64 అన్నమాట. అక్కడ నాలుగు మీటర్లు దాటితే తీవ్రమైనట్టే లెక్క.

ఈ రెండో కవాటం బిగువు ఎక్కువగా పెద్దవయసువాళ్లది. మెట్లెక్కుతుంటే ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం దాని గుర్తులు. అందులో ఓ తిరకాసు ఉంది. గుండె కండరమే నీరసించిపోతే రక్తం తోసే బలం ఉండదు, వేగమూ ఉండదు. అంకె చిన్నదిగా వస్తుంది. బోరులో నీళ్లే తగ్గినప్పుడు వేలు నొక్కినా చిమ్మవు కదా... అంతమాత్రాన పైపు వెడల్పుగా ఉందనుకుంటే ఎలా? అలాంటప్పుడు డోబుటమిన్ అనే మందు కొద్దికొద్దిగా ఎక్కించి, గుండెను కాస్త ఉరికించి మళ్లీ కొలుస్తారు.

అంకె ఒకటే, పేరు మారింది

ఇప్పుడు మీ ఇంట్లో పాత ఎకో రిపోర్టు ఏదైనా ఉంటే బయటికి తీయండి. మైట్రల్ కవాటం వైశాల్యం 1.2 అనో 1.3 అనో ఉండి, పక్కన 'మోడరేట్' అని ఉందా? అప్పటి లెక్క ప్రకారం అది సరే. ఒకటికన్నా తక్కువుంటేనే తీవ్రం అనేవారు. అమెరికా హృద్రోగ సంఘాలు 2014లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఈ గీత జరిగింది. 1.5 కానీ అంతకన్నా తక్కువ కానీ ఉంటే ఇప్పుడు తీవ్రమైనదనే అంటున్నారు. ఒకటి, అంతకు లోపైతే మరీ తీవ్రం. చాలామందికి ఆయాసం మొదలయ్యేది 1.5 దగ్గరే కాబట్టి ఈ మార్పు. 'మధ్యస్థమే అన్నారులే' అని ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పడేసినవాళ్లు ఓసారి మళ్లీ చూపించుకోవాలి.

రిపోర్టులో అంకె ఒక్కటే చూసి గుండె జారిపోనక్కర్లేదు, సంబరపడనూ అక్కర్లేదు. కొలిచే చెయ్యి ముఖ్యం. చేప నోటిని రెక్కల కొసన కాకుండా కాస్త పైన కోసి చూస్తే వెడల్పుగా కనిపిస్తుంది. డాప్లర్ గీత రక్తం పారే దారికి తిన్నగా లేకుండా ఏటవాలుగా పడితే వేగం తక్కువ చూపిస్తుంది. రెండు పొరపాట్లూ జబ్బును చిన్నది చేసేవే! గుండె వేగం పెరిగితే ఒత్తిడి తేడా పెరుగుతుంది కాబట్టి, పరీక్ష చేసినప్పుడు నాడి ఎంతుందో కూడా రిపోర్టులో ఉండాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో ఒక్కో కొట్టుకు ఒక్కో అంకె వస్తుంది. నాలుగైదు కొట్లకు కొలిచి సగటు తీయాలి. అరగంట పరీక్షను అయిదు నిమిషాల్లో ముగిస్తే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? 'సార్, వాల్వ్ ఏరియా ఎంతొచ్చింది?' అని అడగడానికి మొహమాటపడొద్దు. బోరు వేసినవాణ్ని ఇంచులడగమా!

బిల్లు లేని వాకిలి

ఈ కరవు నేలకు గుండె వైద్యం దగ్గరకొచ్చింది 1991లో. ఆ ఏడాది నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు పుట్టపర్తి పక్కన ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను ప్రారంభించారు. పుట్టపర్తి అప్పుడు అనంతపురం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. వైద్యానికి పైసా తీసుకోకపోవడం ఆ ఆసుపత్రి మొదటి రోజునుంచీ పెట్టుకున్న నియమం. అంతకుముందు గుండె ఆపరేషనంటే బెంగళూరో, వేలూరో. పొలం తాకట్టు పెట్టాలి, లేదంటే ఆశ వదులుకోవాలి. తర్వాత 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరిప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ.

కవాటం బిగిసిందని తేలితే ఏం చేస్తారు? అదీ ఎకోనే చెప్పాలి. రెక్కలు ఎంత కదులుతున్నాయి, ఎంత మందమెక్కాయి, సున్నం ఎంత పేరుకుంది, కింది దారాలు ఎంత ముడుచుకున్నాయి... ఈ నాలుగింటికీ ఒక్కోదానికి నాలుగు మార్కుల దాకా వేస్తారు. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష ఇది! మొత్తం ఎనిమిదికి మించకపోతే బెలూన్‌తో తెరవడానికి అనువైన కవాటమని అర్థం. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవె 1980ల మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది. తొడ దగ్గరి సిర ద్వారా సన్నటి గొట్టం పంపి, గుండె గదుల మధ్య గోడను దాటించి, ముడిచిన బెలూన్‌ను కవాటంలో ఉబ్బిస్తారు. అతుక్కున్న అంచులు విడిపోతాయి. ఛాతీ కొయ్యాల్సిన పనిలేదు. ముందుగా గొంతులోంచి ప్రోబ్ దించి, పై గది మూలలో గడ్డకట్టిన రక్తం ఉందేమో చూస్తారు. అది కదిలి మెదడుకు చేరితే పక్షవాతమే మరి.

సున్నం బాగా పేరుకుంటే, కారడం కూడా ఎక్కువగా ఉంటే కవాటం మార్చాల్సిందే. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన కృత్రిమ కవాటం 1990 డిసెంబరులో మొదటిసారి ఓ రోగికి అమర్చారు. లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లు జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు మింగాలి, ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పిల్లల్ని కనాల్సిన వయసులో ఉన్న ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆ మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు చేటు చేస్తాయి. అందుకే బెలూన్‌కు వీలున్న దశలోనే కవాటాన్ని పట్టుకోవడం అంత ముఖ్యం.

ఇంకా ముందే పట్టుకోలేమా? పట్టుకోవచ్చు. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల్ని స్టెతస్కోప్‌తోనూ ఎకోతోనూ పరీక్షించి చూసిన ఓ అధ్యయనం 2007లో అచ్చయింది. చెవికి దొరికినవాళ్లకన్నా ఎకోకు దొరికినవాళ్లు దాదాపు పదిరెట్లు! అలా దొరికిన పిల్లలకు ఏంచేస్తే మంచిదన్న ప్రశ్నకు ఉగాండా నుంచి 2021లో జవాబొచ్చింది. ఎనిమిది వందల పైచిలుకు పిల్లల్లో కొందరికి నెలనెలా పెనిసిలిన్ సూది వేశారు, కొందరికి వెయ్యలేదు. రెండేళ్లలో సూది వేయించుకోని ప్రతి వందమందిలో ఎనిమిదిమందికి జబ్బు ముదిరింది. వేయించుకున్నవాళ్లలో వందకు ఒక్కరు కూడా లేరు. సూది నొప్పిగానే ఉంటుంది, నడుము కింద రెండు రోజులు సలుపుతుంది. మన దగ్గర సాధారణంగా మూడు వారాలకొకసారి వేస్తారు. పిల్లలు ఏడుస్తారని, కూలి పోతుందని, 'ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా' అని మానేస్తుంటారు. అలా మానేసిన సూదులే చాలా కవాటాల వెనక ఉన్నాయి.

మళ్లీ మన ఇల్లాలి దగ్గరికొద్దాం. ఆమె కవాటం 0.9. మార్కులు ఏడు. ముందు మాత్రలతో గుండె వేగం తగ్గించి, ఊపిరితిత్తుల్లో నీరు తీయించి చూస్తారు. చాలామందికి దాంతోనే కాన్పు దాకా నెట్టుకురావచ్చు. ఆయాసం లొంగకపోతే గర్భంతో ఉండగానే బెలూన్ చేస్తారు. అయిదో నెల దాటాక, పొట్టకు సీసపు కవచం కప్పి, ఎక్స్‌రే వీలైనంత తక్కువ వాడుతూ. మర్నాడు మళ్లీ అదే బల్ల, అదే జెల్లీ, అదే చీకటి గది. చేప నోరు కాస్త తెరుచుకుంది. గీత గీస్తే 1.7 వచ్చింది. కారడం పెద్దగా లేదు.

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో పాత రిపోర్టు, కొత్త రిపోర్టు. నర్సు వచ్చి పెనిసిలిన్ కార్డు చేతిలో పెట్టింది. ఈ సూది కనీసం నలభయ్యేళ్ల వయసు దాకా వేయించుకోవాలంటే ఆమె ఓసారి కోడలి వంక, ఓసారి కార్డు వంక చూసింది. 'మొదటి తేదీ ఎప్పుడు పడింది మే?' అని అడిగి, ఆ కార్డును రిపోర్టుల కవర్లో కాకుండా తన కొంగుముడిలో కట్టుకుంది.